గడప తెలిసిన పిల్ల



2016వ సంవత్సరమున జిల్లాలుగా నేర్పడిన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములనుండి చదువుకొన్న యాడుపిల్లలు కంప్యూటరు కొలువుల ఇంటర్వ్యూలకై హైదరాబాదు పోవుట యిప్పుడు వింత కాదు. మొదటి ప్రశ్నకే తడబడి వచ్చిన పిల్లను జూచి, "ఇక చాలును, పెండ్లి చేయుద" మను పెద్దలు నున్నారు. తొందరపడవలదని మా మనవి. లోపము పిల్ల తెలివియందు గాక, చదివిన తీరునం దుండవచ్చును.

అట్టి ప్రశ్న యొకటి జూతము: "ప్రోగ్రా మెచ్చట మొదలగును?" జావా భాష నేర్చిన పిల్ల "పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ మెయిన్" అని యెక్కమువలె నప్పగించును. ఏల యని యడిగినచో మౌనము వహించును.

ఇంటికి గదు లెన్ని యున్నను, వచ్చినవారు సింహద్వారపు గడప దాటియే లోనికి రావలెను గదా. ప్రోగ్రామునకు మెయిన్ అట్టి గడప. డెన్నిస్ రిచీ రూపొందించిన సీ భాషలో నీ పేరున్నది; 1995లో వెలువడిన జావాయు దానినే నిలుపుకొన్నది. పబ్లిక్ అనగా తలుపు వెలుపలివారికి దెరచియుండుట. ప్రోగ్రామును నడపు జావా యంత్రము క్లాసునకు వెలుపలిది గనుక నది యవసరము. స్టాటిక్ అనగా ఆ క్లాసునుండి వస్తువును సృజింపకయే పిలువదగినది. తొలి పిలుపునాటికి వస్తువింకను బుట్టలేదు. వాయిడ్ అనగా పని ముగిసిన పిదప విలువ నేదియు దిరిగి యీయనిది. తరువాతి స్ట్రింగుల వరుస, ప్రారంభమున మన మందించు మాటలను బుచ్చుకొనును. మెయిన్ లేని క్లాసును గంపైలు చేయవచ్చును. దానిని నడపబోయినప్పుడే యంత్రము గడప గానక నిలిచిపోవును.

2025లో వచ్చిన జావా 25లో పబ్లిక్, స్టాటిక్ అను మాటలు లేకున్నను మెయిన్ నడచును. అప్పుడు యంత్రమే వస్తువును సృజించుకొని పిలుచును. వల్లెవేసిన పిల్ల యీ మార్పునకు బెదరును. కారణ మెఱిగిన పిల్ల చిఱునవ్వుతో వివరించును.

ఈ విద్య మనకు రాదని తల్లులు వెనుదీయవలదు. కూర తఱుగుచునే పిల్లను జెంత గూర్చుండబెట్టుకొని, మాటమాటకును "ఏలనమ్మా?" యని యడుగుడు. మీకు దెలియునట్లు తెనుగున జెప్పగలిగినచో నామె యెవరియెదుటను జంకదు. చెప్పలేనిచోట గోపింపక, మరల జదువుమనుడు. ఆ పిమ్మట నామెను ధైర్యముగా రైలెక్కింపుడు.