శాలువా సరే, లవం-హారం ఎవరు చెబుతారు?

కంప్యూటరుతో లెక్కలు నేర్పడం మీద పరిశోధన చేసిన ప్రొఫెసరుగారు ఊరికి వస్తే చాలు, మనం శాలువా కప్పేస్తాం. ఆయన తెర మీద చూపేదంతా ఇంగ్లీషే. అయినా చప్పట్లు కొడతాం.

మేం తమిళ మీడియంలో చదివినవాళ్లం. మాకు భిన్నంలో పైది తొగుది, కిందిది పగుది. తెలుగులో లవం, హారం. ఒడియాలో లబ, హర. చూశారా, గంజాంలో మన పిల్లవాడికి ఇంటి మాటా ఊరి మాటా దాదాపు ఒక్కటే! అంత సులువును వదిలేసి న్యూమరేటర్, డినామినేటర్ బట్టీ పట్టిస్తున్నాం. రాజ్యాంగం 350ఏ అధికరణం 1956 నుంచీ భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో అందే సదుపాయాలు కల్పించేందుకు రాష్ట్రాలు ప్రయత్నించాలంటోంది. అడిగిందెవరు?

"దీక్షా యాప్ ఉందిగా, టీచరెందుకు?" అంటారు కొందరు. 1/2 + 1/3 = 2/5 అని రాస్తే యాప్ తప్పని చెబుతుంది. ఎందుకలా కలిపావురా అని పక్కన కూర్చుని అడిగేది టీచరే, అదీ పిల్లవాడి భాషలో.

ఈసారి సన్మానానికి ముందు అతిథిగారిని తెలుగు బడిలో అయిదో తరగతికి ఒక గంట భిన్నాలు చెప్పమందాం. రానంటే శాలువా డబ్బుతో పలకలు కొందాం.