పండు పేరుతో బీరు: చట్టం చూడని ప్రకటన

కోల్‌కతా: మద్యానికి ప్రకటనలు నిషిద్ధమైన దేశంలో సీసా మీది పేరే ప్రకటనగా మారుతోంది. పండ్ల రుచులతో క్రాఫ్ట్ బీరు తెచ్చి, దానికి చమత్కారపు పేర్లు, సరదా బొమ్మలు జోడిస్తున్న తయారీదారుల తీరే ఇందుకు నిదర్శనం.

పేరుతో అమ్ముకునే విద్య బీరుకు కొత్త కాదు. 18వ శతాబ్దం చివర లండన్‌లోని హాడ్జ్‌సన్ సారాయికర్మాగారం నుంచి ఓడల్లో వచ్చిన లేతరంగు బీరుకు కలకత్తా ప్రధాన విపణి. ఇంగ్లండులో తయారైన ఆ బీరే కాలక్రమంలో ‘ఇండియా పేల్ ఏల్’గా ప్రపంచమంతా తిరిగింది. నేడు అదే నగరంలో టాప్సియాలోని ‘ది గ్రిడ్’, సాల్ట్ లేక్‌లోని ‘రిఫైనరీ 091’ వంటి మైక్రోబ్రూవరీలు తమ ఆవరణలోనే బీరు తయారుచేసి వడ్డిస్తున్నాయి.

పండ్ల బీరులో మోసమేమీ లేదు. బెల్జియంలో పుల్లని చెర్రీలతో చేసే ‘క్రీక్’ ప్రసిద్ధ సంప్రదాయం. చిక్కంతా రుచిలో ఉంది. పులిసే దశలో పండు వేస్తే అందులోని చక్కెర కూడా ఆల్కహాల్‌గా మారుతుంది. తరువాత రసం కలిపితే తీపి మిగిలి, హాప్స్ చేదును కప్పేస్తుంది. తొలిసారి తాగేవారిని వెనక్కి లాగేది ఆ చేదే.

పేరు ఆ పనిని మరింత సులువు చేస్తుంది. 2015లో మార్కెట్లోకి వచ్చిన ‘బీరా 91’ గుర్తు కోతి బొమ్మ. ఆ సంస్థ పరిమితంగా విడుదల చేసిన రకాల్లో ‘మ్యాంగో లస్సీ’, ‘కోకమ్ సోర్’ ఉన్నాయి. లస్సీ ఇంటిల్లిపాదీ తాగే పానీయం. ఇక ఢిల్లీ హాట్‌లో ‘ఫ్రూట్ బీర్’ అంటే మత్తులేని శీతల పానీయం. ఒకే మాట రెండు వస్తువులకు వర్తిస్తే పొరబడేది కొనుగోలుదారే.

కేబుల్ టెలివిజన్ నిబంధనలు మద్యం ప్రకటనలను నిషేధించాయి. 2022 జూన్‌లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు ముసుగు ప్రకటనలనూ అడ్డుకున్నాయి. సీసాపై ఆరోగ్య హెచ్చరిక తప్పనిసరి. అయినా ఉత్పత్తి పేరు వీటికి చిక్కదు. ధర విషయంలోనూ సంస్థలకు స్వేచ్ఛ తక్కువ. తెలంగాణలో ప్రభుత్వ సంస్థే బీరు కొనుగోలు చేస్తుంది. ధర పెంచలేదని, బకాయిలు చెల్లించలేదని 2025 జనవరిలో యునైటెడ్ బ్రూవరీస్ అక్కడ సరఫరాను కొన్నాళ్లు నిలిపివేసింది. ప్రకటనా లేక, ధరా చేతిలో లేనప్పుడు పోటీ అంతా లేబుల్‌పైకే చేరుతుంది.

పరిష్కారం కూడా అక్కడే ఉంది. మద్యం రాజ్యాంగంలోని రాష్ట్ర జాబితాలోని అంశం. సీసా లేబుల్‌ను రాష్ట్ర ఎక్సైజ్ శాఖ నమోదు చేయాలి. పశ్చిమ బెంగాల్, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మద్యం కొనేందుకు కనీస వయసు 21 ఏళ్లు. ఆ గీతకు అర్థం ఉండాలంటే, పండు పేరు ఎంత పెద్ద అక్షరాల్లో ఉందో ఆల్కహాల్ శాతమూ అంతే పెద్దగా ఉండాలని నమోదు వేళే షరతు పెట్టవచ్చు. చమత్కారాన్ని నిషేధించనక్కర్లేదు, తాగుతున్నది ఏమిటో తాగేవారికి తెలిస్తే చాలు.