పరుగెత్తు దీపము - వెలుగు వడి

పరుగెత్తు బండిమీదనుండి ముందునకు విసరిన రాయి, నిలిచిన బండినుండి విసరిన రాతికంటె వడిగా బోవును. బండివడి రాతివడితో గలియుటయే యిందులకు గారణము. అట్లయిన నా బండికి గట్టిన దీపపు వెలుగునకును బండివడి గలియునా? బాలికలు సైతము అడుగదగిన యీ ప్రశ్నకు సమాధానము దొరకుటకు పండితులకే చిరకాలము పట్టినది.

వెలుగు శూన్యమున సెకనునకు 2,99,792 కిలోమీటర్లు పోవును. దీపము కదలినను నిలిచినను ఈ వడి మారదని 1905లో ఐన్‌స్టీను పండితుడు ప్రతిపాదించెను. రాతివలెనే వెలుగునకును దీపపు వడి గలియునని 1908లో రిట్జ్ అను స్విట్జర్లాండు పండితుడు వాదించెను. ఇరువురిలో నెవరిమాట నమ్మవలెను? పేరుగలవాడు చెప్పెనని నమ్ముట విద్య గాదు, ప్రమాణము గావలెను.

ఆ ప్రమాణమును ఆకాశమే యిచ్చినది. ఒప్పులకుప్ప యాడు బాలికలవలె నొకదానిచుట్టు నొకటి తిరుగు జంటతారలు గలవు. అట్టి తార యొకప్పుడు మనవైపు వచ్చుచు, ఒకప్పుడు మనకు దూరమగుచుండును. వచ్చునపుడు విడిచిన వెలుగు వడిగాను, పోవునపుడు విడిచినది మెల్లగాను నడచునేని, ఏండ్లకొలది ప్రయాణములో వెనుక బయలుదేరినది ముందు బయలుదేరినదానిని దాటివచ్చును. అప్పుడొకే తార యొకే వేళ రెండుచోట్ల గానవచ్చి, దాని నడక యంతయు తారుమారు గావలెను. అట్లు కానరాదు, జంటలు లెక్క తప్పకయే తిరుగుచున్నవి. ఈ యుక్తిని 1913లో హాలండుదేశపు జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు డిసిట్టరు చూపెను.

వెలుగు నడుమనున్న వాయువులలో జిక్కి తన తొలివడిని గోల్పోయి యుండవచ్చునని కొంద రాక్షేపించిరి. ఆక్షేపణ న్యాయమైనదే. దానికి 1964లో జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనాలయమున నుత్తరము లభించెను. వెలుగువడిలో నూటికి 99.975 పాళ్లు వడిగల పయాను లను సూక్ష్మకణములు ముందునకు విడిచిన గామాకిరణముల నచట గొలిచిరి. రిట్జ్ మతమున వాని వడి యించుమించు రెట్టింపు గావలెను. కాని యెప్పటి వెలుగువడియే కానవచ్చెను.

దీపపు చలనము వెలుగునకు బొత్తిగా నంటదా యందురా? అంటును. వడి మారదు గాని వర్ణము జరుగును. దరికివచ్చు తార వెలుగు నీలమువైపునకును, దూరమగుదాని వెలుగు ఎరుపువైపునకును జరుగును. 1842లో డాప్లరు ప్రకటించిన సూత్రమునకు ఫలమిదియే. జంటతారల రాకపోకలు మన కెరుకపడుటయు దీనివలననే.

ఆడపిల్లల కిట్టి సంగతు లేల యనువారి మాటలు మేమును వినియున్నాము. రిట్జ్ వాదము లోకానుభవమునకు దగినదైనను పరీక్షకు నిలువలేదు. ఐన్‌స్టీను మాట నిలిచినది కీర్తిచేత గాదు, పరీక్షచేతనే. ఎవరు చెప్పిరని గాక, సాక్ష్యమేమని యడుగుట యే యింటి యాడపడుచునకైనను పనికివచ్చు విద్య. కావున బిడ్డ ప్రశ్నించినపుడు "నీకేల?" యని కసరక, "దీనిని పరీక్షించు టెట్లు?" అని మనమును దానితో గూడ నాలోచింతము.