మాడ్యూల్‌కి సర్టిఫికెట్ ఉంది, మరి మన డబ్బాకి?

"మాడ్యూల్ ఆల్రెడీ సర్టిఫైడే కదండీ, మళ్ళీ ఈ టెస్టింగ్ గోల ఎందుకు?" అని నేనడిగితే మా హార్డ్‌వేర్ లీడ్ ఒక నవ్వు నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వుకి అర్థం నాకు తెలిసేసరికి మా షిప్‌మెంటు మూడు వారాలు ఆగిపోయింది.

కథ చిన్నదే. అమెరికా క్లయింటు కోసం షాపుల్లో పెట్టే వైఫై గేట్‌వే ఒకటి చేస్తున్నాం. రేడియో మాది కాదు, ఎఫ్‌సీసీ ఐడీ ఉన్న రెడీమేడ్ మాడ్యూల్. లైనక్స్ డ్రైవరూ, ఫర్మ్‌వేరూ నా వంతు. సిగ్నల్ అందట్లేదని ఫిర్యాదు వస్తే కంట్రీ కోడ్ మార్చి చూశాను. పవర్ పెరిగింది, 12, 13 ఛానెళ్ళు కూడా తెరుచుకున్నాయి. "ఊరికే టెస్టింగ్‌కి" అనుకున్న ఆ ఒక్క లైను రిలీజ్ బిల్డులోకి వెళ్ళిపోయింది. అదే సమయంలో వేరే వాళ్ళు 2 డీబీఐ ఏంటెనా తీసేసి 5 డీబీఐది పెట్టారు. 3 డీబీ అంటే ఆ దిశలో దాదాపు రెట్టింపు. అమెరికాలో 2483.5 మెగాహెర్ట్జ్ దాటగానే రిస్ట్రిక్టెడ్ బ్యాండ్ మొదలవుతుంది. ల్యాబ్ వాళ్ళకి సరిగ్గా ఆ అంచు దగ్గరే దొరికిపోయాం.

అప్పుడు కూర్చుని రూల్సు చదివాను. ఎఫ్‌సీసీ పార్ట్ 15లో 15.212 అనే సెక్షన్ ఉంది. మాడ్యూల్‌కి సొంత షీల్డింగు, సొంత పవర్ రెగ్యులేషన్ లాంటివి ఉంటే దానికి విడిగా అనుమతి ఇస్తారు. దాన్ని మన డబ్బాలో పెట్టుకుని, బయట "కంటెయిన్స్ ఎఫ్‌సీసీ ఐడీ" అని లేబుల్ వేసుకుంటే ట్రాన్స్‌మిటర్‌కి మళ్ళీ సర్టిఫికేషన్ అక్కర్లేదు. ఇక్కడిదాకా అందరికీ తెలుసు. షరతులే ఎవరూ చదవరు. ఏంటెనా అదే రకం అయ్యుండాలి, గెయిన్ టెస్ట్ చేసినదాన్ని మించకూడదు. మనిషికి 20 సెంటీమీటర్ల దూరం అని అనుమతి తీసుకున్న మాడ్యూల్‌ని చేతికి కట్టుకునే పరికరంలో పెడితే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. పక్కనే ఎల్‌టీఈ కూడా ఒకేసారి పనిచేస్తుంటే రెండూ కలిపి చూడాలి. ఇవి కాక మన బోర్డు మీది ప్రాసెసరూ, క్లాకులూ చేసే రొదకి వేరే పరీక్ష.

యూరప్‌లో అయితే మాడ్యూల్ అనుమతి అనే పద్ధతే లేదు. 2014/53/ఈయూ డైరెక్టివ్ ప్రకారం పూర్తి వస్తువుకి బాధ్యత దాన్ని తయారుచేసినవాడిదే. మాడ్యూల్ రిపోర్టులు సాయానికి పనికొస్తాయంతే. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్‌కి 2005లో లైసెన్సు తీసేశారు కానీ ఈటీఏ తీసెయ్యలేదు. లైసెన్సు అక్కర్లేదంటే రూల్సే లేవని కాదు కదా! మిక్సీకి ఐఎస్ఐ మార్కు ఉన్నంత మాత్రాన ఇంటి వైరింగు కూడా బాగున్నట్టేనా?

ఇదంతా కాగితాల గొడవ అనుకునేవాళ్ళకి ఒక్క మాట. 2009లో ప్యూర్టోరికోలోని శాన్ హ్వాన్ విమానాశ్రయం దగ్గర వాతావరణ రాడార్‌కి అంతరాయం వచ్చింది. విమానం దిగేచోట ప్రమాదకరమైన గాలి మార్పుల్ని కనిపెట్టే రాడార్ అది. కారణం 5 గిగాహెర్ట్జ్‌లో నడుస్తున్న వైర్‌లెస్ ఇంటర్నెట్ పరికరాలు. రాడార్ కనిపిస్తే ఛానెల్ వదిలెయ్యాల్సిన డీఎఫ్ఎస్ కొన్నిట్లో పనిచెయ్యట్లేదు. చాలా పరికరాల్లో డీఎఫ్ఎస్ అంటే మనలాంటివాడు మార్చగలిగే ఒక సెట్టింగే. అందుకే 2014లో ఎఫ్‌సీసీ ఈ బ్యాండు పరికరాల్లో సాఫ్ట్‌వేర్‌ని ఎవరుపడితే వాళ్ళు మార్చలేకుండా భద్రత పెట్టాలని రూల్ తెచ్చింది.

నేను చెప్పొచ్చేది ఇదే. కంప్లయన్స్ హార్డ్‌వేర్ వాళ్ళ తలనొప్పి అని మనం చేతులు దులిపేసుకుంటున్నాం. కానీ పవర్ టేబుల్, కంట్రీ కోడ్, ఛానెల్ లిస్టు... ఇవన్నీ ఉండేది మన రిపాజిటరీలోనే. డేటాబేస్ పాస్‌వర్డు కోడ్‌లో కనిపిస్తే రివ్యూలో గగ్గోలు పెడతాం, కంట్రీ కోడ్ మారితే ఎవరూ కన్నెత్తి చూడరు. ఆ ఫైళ్ళు ముట్టుకుంటే రేడియో తెలిసినవాళ్ళ సంతకం లేకుండా మెర్జ్ కాకూడదు. ల్యాబ్‌కి పంపిన బిల్డూ, కస్టమర్‌కి వెళ్ళే బిల్డూ ఒకటేనని ఎవరో ఒకరు సరిచూడాలి. ఇందులో పెద్ద ఖర్చేమీ లేదు, కాస్త క్రమశిక్షణ తప్ప.

చివరగా, చెప్పడానికి సిగ్గుగా ఉన్న విషయం. రిపోర్టు వచ్చిన రోజు మీటింగులో ఏంటెనా గురించే అందరూ మాట్లాడారు. తిట్లన్నీ మా హార్డ్‌వేర్ లీడ్‌కే పడ్డాయి. నా లైను సంగతి నాకు తెలుసు, అయినా నోరు విప్పలేదు. నాలుగు రోజుల తర్వాత వెళ్ళి చెప్పాను. ఆయన మళ్ళీ అదే నవ్వు నవ్వి, "నాకు ఆ రోజే తెలుసయ్యా, లాగ్ చూశాను" అన్నారు.

మీ కంపెనీల్లో ఈ ఫైళ్ళు ఎవరు చూస్తున్నారు? నిజంగా ఎవరైనా చూస్తున్నారా?