కిమ్మెల్ ఒక్కడి నెత్తిన

అడ్మిరల్ హస్బండ్ కిమ్మెల్ 1968లో చనిపోయారు. పసిఫిక్ నౌకాదళాధిపతిగా ఆయన భుజాల మీద ఉండిన నాలుగు నక్షత్రాలు చివరికి రెండే మిగిలాయి. పోయిన రెండూ తిరిగి ఇప్పించమని ఆయన కొడుకులు, ఆ తర్వాత మనుమలు దశాబ్దాల పాటు వాషింగ్టన్ చుట్టూ తిరిగారు. డబ్బు కోసం కాదు. పెర్ల్ హార్బర్‌లో 2,403 మంది చావుకి తమ ఇంటి పెద్దాయన నిర్లక్ష్యమే కారణమన్న మచ్చ చెరిగిపోవాలని. న్యాయం వాళ్ల పక్షానే ఉందని నేను నమ్ముతున్నాను. అలాగని కిమ్మెల్ ఏ తప్పూ చేయలేదని అనను. చేశారు. దానికి ఎంత శిక్ష, ఒక్కడికేనా శిక్ష అన్నదే నా పేచీ.

1941 ఫిబ్రవరి 1న కిమ్మెల్ పగ్గాలు అందుకున్నారు. ఆయనకు ముందున్న అడ్మిరల్ రిచర్డ్‌సన్, నౌకాదళాన్ని హవాయిలో నిలిపి ఉంచడం సరికాదని అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఎదుటే వాదించి పదవి పోగొట్టుకున్నారు. కొత్తాయన పని రాక్షసుడు. ఓడలకూ సిబ్బందికీ తెరిపి లేకుండా తర్ఫీదు ఇచ్చారు. ఆయన ధ్యాసంతా యుద్ధం వస్తే జపాన్ మీదికి ఎలా వెళ్లాలన్నదాని మీదే ఉంది. జపానే తన గుమ్మంలోకి వస్తుందన్న ఊహ ఆ ధ్యాసలో వెనక్కి పోయింది.

ఇక్కడే ఆయన తప్పు మొదలైంది. నవంబర్ 27న వాషింగ్టన్ నుంచి సందేశం వచ్చింది. దీన్ని యుద్ధ హెచ్చరికగా తీసుకోవాలని మొదటి వాక్యంలోనే ఉంది. దాడి జరగవచ్చంటూ ఫిలిప్పీన్స్, థాయ్‌లాండ్, క్రా ద్వీపకల్పం, బోర్నియో పేర్లు చెప్పారు. హవాయి పేరు లేదు. పేరు లేకపోయినా యుద్ధ హెచ్చరిక యుద్ధ హెచ్చరికే. కిమ్మెల్ జలాంతర్గాముల మీద నిఘా పెంచారు, ఆకాశాన్ని వదిలేశారు. నాలుగు దిక్కులా సముద్రాన్ని రోజూ గాలించడానికి చాలినన్ని విమానాలు ఆయన దగ్గర లేని మాట నిజమే. ఉన్న కాటలీనా గస్తీ విమానాలను యుద్ధం మొదలయ్యాక వాడుకోవాలని అట్టేపెట్టుకున్నారు. వాటితో ఒకటి రెండు దిక్కులైనా గాలించి ఉండవలసింది. ఎందుకంటే విమానవాహక నౌకల నుంచి తెల్లవారుజామున దాడి జరగవచ్చని ఆ మార్చి నెలలోనే ఆయన కింది అధికారి బెలింజర్, సైన్యం తరఫున మార్టిన్ కలిసి నివేదిక రాసి ఇచ్చారు. అంతకు తొమ్మిదేళ్ల ముందు, 1932 ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఉదయం, అమెరికా నౌకాదళమే విన్యాసాల్లో భాగంగా సరిగ్గా అలాంటి దాడిని పెర్ల్ హార్బర్ మీద చేసి చూపించింది కూడా.

డిసెంబర్ 2న గూఢచార అధికారి లేటన్ వచ్చి జపాన్ ప్రధాన విమానవాహక నౌకలు ఎక్కడున్నాయో తెలియడం లేదని చెప్పారు. అవి డైమండ్ హెడ్ కొండ చుట్టూ తిరుగుతున్నా నీకు తెలియదన్నమాట అని కిమ్మెల్ గద్దించారు. ఈపాటికి కనిపెట్టి ఉండేవాళ్లమనే ఆశిస్తున్నానని లేటన్ నసిగారు. ఆ సంభాషణ అక్కడితో ముగిసిపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ప్రశ్న సరైనదే, దాని వెనక రావలసిన ఆజ్ఞ రాలేదు.

ఇంకో లోపం ఉంది. రేవును కాపాడే బాధ్యత సైన్యానిది, హవాయిలో దాని అధిపతి జనరల్ షార్ట్. విద్రోహుల భయంతో ఆయన విమానాలన్నిటినీ పక్కపక్కనే వరసగా నిలబెట్టించారు. పై నుంచి బాంబు వేసేవాడికి అంతకన్నా సులువు ఏముంటుంది? ఆ ఆదివారం ఇద్దరూ కలిసి గోల్ఫ్ ఆడాలనుకున్నారు. నీ రాడార్లు రోజుకు ఎన్ని గంటలు తిరుగుతున్నాయని ఈయన అడగలేదు, నీ విమానాలు ఎటువైపు గాలిస్తున్నాయని ఆయన అడగలేదు.

కాబట్టి డిసెంబర్ 7 తర్వాత కిమ్మెల్‌ని తప్పించడం సబబే. ఓడల మీద అంతమంది చనిపోయాక నౌకాదళాధిపతి అదే కుర్చీలో కూర్చోవడం బతికిన నావికులకూ మంచిది కాదు. పదిరోజుల్లోనే తప్పించారు, నిమిట్జ్‌ని పంపారు. అంతవరకే జరిగి ఉంటే ఈ శీర్షిక రాయవలసిన పని ఉండేది కాదు.

వాషింగ్టన్ చేతిలో ఏమున్నదో చూడండి. జపాన్ దౌత్య సంకేతభాషను అమెరికా ఛేదించింది. దాన్ని చదివే పర్పుల్ యంత్రం ఫిలిప్పీన్స్‌లో ఉంది, బ్రిటిష్ వారికీ ఇచ్చారు. హవాయికి ఇవ్వలేదు. సెప్టెంబర్ 24న టోక్యో హొనొలులు కాన్సులేట్‌కి ఒక ఆదేశం పంపింది. పెర్ల్ హార్బర్ జలాలను ఐదు భాగాలుగా విడదీసి ఏ భాగంలో ఏ ఓడ ఉందో చెప్పమని. అక్టోబర్ రెండో వారానికి వాషింగ్టన్‌లో దాన్ని చదివేశారు. ఒక రేవులో ఓడలు ఎక్కడెక్కడ కట్టి ఉన్నాయో శత్రువుకి ఎందుకు కావాలి? ఆ కాగితం కిమ్మెల్ కంట పడి ఉంటే ఆయన ఏం చేసేవారో ఎవరూ చెప్పలేరు. చూపించకుండా నువ్వెందుకు ఊహించలేదని అడగడం మాత్రం అన్యాయం.

అన్నిటికన్నా ఆ చివరి టెలిగ్రామ్ కథ మనసు కలచివేస్తుంది. జపాన్ తుది జవాబును వాషింగ్టన్‌లో మధ్యాహ్నం ఒంటిగంటకే అందజేయాలని టోక్యో ఆదేశించినట్లు ఆదివారం ఉదయం తెలిసింది. ఆ ఒంటిగంటకి హవాయిలో పొద్దున ఏడున్నర. సేనాధిపతి జనరల్ మార్షల్ హెచ్చరిక రాశారు. ఆయన దగ్గర టెలిఫోన్ ఉంది, ఎవరైనా వింటారేమోనన్న జంకుతో వాడలేదు. నౌకాదళం తన రేడియో ఇస్తానంది, అక్కర్లేదన్నారు. సైన్యం రేడియో ఆ పూట హొనొలులుకి అందలేదు. చివరికి మామూలు జనం తంతి కొట్టే కంపెనీ ద్వారా పంపారు, దాని మీద అత్యవసరమన్న గుర్తైనా లేదు. హొనొలులులో ఆ కవరు చేతపట్టి మోటార్‌సైకిల్ మీద బయల్దేరింది జపాన్ సంతతి కుర్రాడు. అప్పటికే బాంబులు పడుతున్నాయి. దారిపొడవునా కాపలాలు, గందరగోళం. షార్ట్ కార్యాలయానికి కవరు చేరేసరికి దాడి ముగిసిపోయింది. దాని నకలు కిమ్మెల్‌కి అందితే చెత్తబుట్టలో పడేశారు.

హవాయిలో జరిగినవీ ఇలాగే ఉన్నాయి. దాడికి గంట ముందు రేవు ముఖద్వారం దగ్గర వార్డ్ అనే నౌక ఒక బుల్లి జలాంతర్గామిని ముంచి కబురు పంపింది. ఆ కబురు టెలిఫోన్ల మీద ఒక్కో మెట్టే ఎక్కుతూ కూర్చుంది. ఏడు దాటి రెండు నిమిషాలకు ఒపానా రాడార్ తెర మీద పెద్ద గుంపు కనిపించింది. కాలిఫోర్నియా నుంచి రావలసిన మన విమానాలేలే, పట్టించుకోవద్దని యువ లెఫ్టినెంట్ ఒకరు చెప్పారు. 7.55కి మొదటి బాంబు పడింది. ఒక్క ఆరిజోనా నౌకలోనే 1,177 మంది పోయారు. తన కార్యాలయం కిటికీ దగ్గర నిలబడి కిమ్మెల్ ఇదంతా చూస్తుండగా, వేగం చచ్చిన తూటా ఒకటి అద్దం పగలగొట్టుకొచ్చి ఆయన ఛాతీకి తగిలి కిందపడింది. తెల్లటి దుస్తుల మీద నల్లటి మరక మిగిల్చింది. ఇది నన్ను చంపి ఉంటే కరుణించినట్టయ్యేదని ఆయన అన్నారు.

తిలాపాపం తలా పిడికెడు అంటాం. ఇక్కడ పంచలేదు. సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఓవెన్ రాబర్ట్స్ కమిషన్ 1942 జనవరిలోనే విధి నిర్వహణలో నిర్లక్ష్యం అని కిమ్మెల్, షార్ట్‌ల మీద తీర్పు చెప్పింది. సాక్షులను ప్రశ్నించే అవకాశం కిమ్మెల్‌కి ఇవ్వలేదు, ఛేదించిన సందేశాల సంగతి ఆయనకు తెలియనే తెలియదు. దేశం నలుమూలల నుంచి చంపేస్తామంటూ ఉత్తరాలు వచ్చాయి. కోర్ట్ మార్షల్ అయినా పెట్టండి, నా మాట చెప్పుకుంటానన్నారు. పెట్టలేదు. 1944లో ఆయన కొడుకు మానింగ్ జలాంతర్గామి యుద్ధంలో పోయాడు. ఆ ఏడే నౌకాదళ విచారణ న్యాయస్థానం కిమ్మెల్‌ని దాదాపు నిర్దోషిగా తేల్చింది. పైవాళ్లు ఆ తీర్పును తిరగరాశారు. 1946లో కాంగ్రెస్ సంయుక్త సంఘం, ఇవి అంచనా పొరపాట్లే గాని విధి విస్మరణ కాదని రాసింది. 1995లో రక్షణ శాఖ సమీక్ష బాధ్యత చాలామంది పంచుకోవలసిందేనని ఒప్పుకుంది, హోదా మాత్రం ఇవ్వనంది.

ఫిలిప్పీన్స్‌లో అమెరికా సైన్యాధిపతి జనరల్ మాక్ఆర్థర్‌తో పోల్చి చూస్తే ఇది ఎంత వివక్షో తెలుస్తుంది. పెర్ల్ హార్బర్ కబురు అందిన కొన్ని గంటలకు, అక్కడి క్లార్క్ ఫీల్డ్‌లో ఆయన విమానాలు నేల మీదే తగలబడ్డాయి. అక్కడ హెచ్చరిక లేదనడానికి వీల్లేదు, యుద్ధమే మొదలైపోయింది. విచారణ లేదు. 1942లో ఆయన మెడల్ ఆఫ్ ఆనర్ అందుకున్నారు.

పెర్ల్ హార్బర్‌ని కొట్టిన జపాన్ అడ్మిరల్ నగుమో నౌకలే నాలుగు నెలల తర్వాత హిందూ మహాసముద్రంలోకి వచ్చాయి. 1942 ఏప్రిల్ 4న గస్తీ కాటలీనా ఒకటి వాటిని చూసి హెచ్చరిక పంపింది. అయినా మర్నాడు కొలంబోలో బ్రిటిష్ యుద్ధ విమానాలు నేల మీదే దొరికిపోయాయి. ఏప్రిల్ 6న మరో దళంలోని ర్యూజో నౌక నుంచి లేచిన జపాన్ విమానాలు మన విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ముందు రోజు తెలిసినా కొలంబోలో అంతే జరిగిందంటే, అసలు సంగతులు తెలియకుండా ఉంచిన మనిషిని ఎంతవరకు నిలదీయాలో పాఠకులే ఆలోచించాలి.

ఒక సాంకేతిక సంగతి. నాలుగు నక్షత్రాలు ఆ పదవితో వచ్చిన తాత్కాలిక హోదా. పదవి పోగానే పాత రెండు నక్షత్రాల హోదాకి రావడం అప్పటి రివాజే, అదొక్కటే శిక్ష కాదు. యుద్ధం తర్వాత 1947 చట్టం, యుద్ధకాలంలో చేపట్టిన అత్యున్నత హోదాతో పదవీ విరమణకు దారి తెరిచింది. అర్హుల్లో దాన్ని ఇవ్వకుండా వదిలేసింది కిమ్మెల్‌ని, షార్ట్‌ని మాత్రమే. అసలు శిక్ష అది.

1999లో సెనేట్ 52-47 ఓట్లతో ఇద్దరికీ హోదా ఇవ్వాలని కోరింది. 2000లో కాంగ్రెస్ చట్టంలోనే ఆ అభ్యర్థన చేర్చింది. ఇక కావలసింది అధ్యక్షుడి సంతకం. క్లింటన్ చేయలేదు, బుష్ చేయలేదు, ఒబామా చేయలేదు. చేయాలి.