దారిని వంక చేశాం

"ఇది దారా, వంకా?" అని మా నాయన అడిగితే నవ్వేశాను. కుద్రేముఖ శిఖరానికని ముల్లోడి నుంచి బయల్దేరి అప్పటికి అరగంట కూడా కాలేదు. శ్రావణమాసం. అనంతపురం జిల్లా మాది. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్లు పడితే చాలు, ఆ ఏడు బాగున్నట్టే. పడమటి కనుమల్లో ముసురు పట్టినప్పుడు ఆ వాన వారం రోజుల్లో కురిసిపోతుంది. మేం నడుస్తున్నది మోకాలి లోతు గాడి. అందులోంచి ఎర్రనీళ్ళు మా బూట్లను ఒరుసుకుంటూ దిగిపోతున్నాయి.

"వానాకాలం కదా నాయనా, దారి ఇట్లనే ఉంటుంది" అన్నాను.

ఆయన గొడుగు మడిచి, దాని మొనతో గాడి అంచును గీకి చూశాడు. మట్టి జారింది. గడ్డి వేళ్ళు గాల్లో వేలాడాయి. "వానకు తెగింది కాదురా ఇది. తొక్కితే తెగింది" అన్నాడు.

తొక్కింది మేమే. ఆ రోజు ఒప్పుకోలేదు, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. నేనొక్కణ్ణే కాదు, బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటూ, శుక్రవారం రాత్రి టెంపో ట్రావెలర్ ఎక్కి, సోమవారం తెల్లారి దిగి, బురద బూట్లు బాల్కనీలో పడేసి ఆఫీసుకు పోయే మా బ్యాచ్ అంతటి తరఫునా. మొదట ఏడుగురం. అందరం రాయలసీమ వాళ్ళమే. తర్వాత వాట్సాప్ గ్రూపు అయింది, గ్రూపుకు పేరు పెట్టాం, పేరుకు బొమ్మ గీయించాం, బొమ్మతో టీషర్టులు వేయించాం. ఒక టెంపో రెండైంది, మూడైంది. అడవంటే ప్రాణమని ప్రొఫైల్లో రాసుకోని వాడు మాలో లేడు.

నీళ్ళ సంగతి మాకేం తెలుసు అని తప్పించుకునే దారి కూడా మాకు లేదు. మేం పెరిగిన ఊళ్ళలో పరుగెత్తే నీళ్ళను నడిపించమనీ, నడిచే నీళ్ళను నిలపమనీ, నిలిచిన నీళ్ళను ఇంకించమనీ గోడల మీద నీలిరంగుతో రాసి ఉండేది. వాటర్‌షెడ్ పనుల కాలం అది. గుట్టల మీద వాలుకు అడ్డంగా కందకాలు తవ్వడానికి కూలికి పోయిన వాళ్ళ పిల్లలం. గనిమ తెగితే అర్ధరాత్రి లాంతరు పట్టుకుని పరుగెత్తిన ఇళ్ళు మావి. చుక్క నీళ్ళు కరువైన చోట నీటిని బతిమాలి ఆపుకోవడం నేర్చుకున్నాం కానీ, నీళ్ళు కుమ్మరించే చోట అదే చదువు పనికొస్తుందని మాకు తట్టనే లేదు. ఆ చదువు ఊరితోనే వదిలేసి వచ్చామేమో.

నిజం దేవుడెరుగు, నీరు పల్లమెరుగు అంటారు. కొండ మీద పడ్డ నీటికి అన్నిటికన్నా దగ్గరి పల్లం నిట్టనిలువు వాలు. కాలిబాట కూడా ఆ వాలు వెంబడే తిన్నగా దిగితే, నీళ్ళకు తవ్వకుండానే కాలువ దొరికినట్టు. అందుకే అడవిలో దారులు వేసే పని తెలిసినవాళ్ళు ఒక లెక్క పాటిస్తారు. కొండ వాలు ఎంతో, దారి వాలు అందులో సగం దాటకూడదు. నూటికి 30 వాలున్న చోట దారి నూటికి 15కు మించి లేవకూడదు. మొత్తం మీద సగటు 10 దగ్గరుంటే దారి నిలుస్తుంది. దారి వెడల్పును కూడా సమతలంగా వదలరు, పల్లం వైపుకు కొంచెం ఒరగనిస్తారు. మీటరు వెడల్పుకు 5 సెంటీమీటర్ల ఒరుగు చాలు. పడిన నీరు దారి వెంట ప్రయాణం కట్టకుండా, అడ్డంగా దాటి గడ్డిలోకి పోతుంది. మధ్యమధ్య దారిని కొద్దిగా దించి మళ్ళీ లేపుతారు, ఒరుగును తప్పించుకున్న నీళ్ళు ఆ దిగుడు దగ్గర బయటికి పోతాయి. ఇందులో మా నాయనకు తెలియనిది ఏమీ లేదు. మడికి నీళ్ళు పెట్టే మనిషి చేసేది ఇదే, తిరగేసి.

పశువులు తొక్కిన పాత బాటలూ, కొండమీది ఊళ్ళవాళ్ళు నడిచే బాటలూ చుట్టూ తిరిగి పోయేది అందుకే. మాకు ఆ చుట్టు దండగనిపించేది. మా బ్యాచ్‌లో ఒకడు (పేరెందుకు, నేనే) ఫోన్లో దారి గీత రికార్డు చేసి, ఒంపులన్నీ కత్తిరించి, "నలభై నిమిషాలు కలిసొస్తుంది" అని గ్రూపులో పెట్టాడు. ఆ గీత ఎంతమందికి చేరిందో ఆ దేవుడికే తెలియాలి. మాకు దారి చూపే ముల్లోడి వైపు మనిషి ఒకాయన ఉండేవాడు. గౌడ్రూ అని పిలిచేవాళ్ళం. ఆ అడ్డదోవ మొదట్లో ఆయన ముళ్ళకొమ్మలు నరికి అడ్డం పెట్టాడు. గాలికి కొమ్మ విరిగిపడిందనుకుని మేమే కర్రతో పక్కకు నెట్టాం. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ నెట్టాం. మూడోసారి ఆయన పెట్టలేదు.

దారి ఎట్లా చస్తుందో చెప్పాలి, ఎందుకంటే మేం కళ్ళారా చూస్తూ చంపాం. వందల బూట్లు ఒకే గీత మీద పడితే మట్టి అణిగి గట్టిపడుతుంది, వాన ఇంకదు. నడిమి కొద్దిగా కుంగుతుంది. కుంగిన చోట నీళ్ళు చేరతాయి. చేరిన నీళ్ళు సన్నమట్టిని మోసుకుపోయి గులకరాళ్ళనూ వేళ్ళనూ మిగులుస్తాయి. రాళ్ళ మీద నడవడం ఎవరికిష్టం? పక్కనున్న గడ్డి మీదికి ఎక్కుతాం. మూడు వారాల్లో అక్కడా గడ్డి పోతుంది, రెండో గాడి మొదలవుతుంది. ఆ పక్కన మూడోది. దారిలో ఒంటి మర అని పిలిచే ఒంటరి చెట్టు దాటాక పచ్చికబయలు మీద చూడండి, జడ విప్పినట్టు పాయలు పాయలుగా ఎర్రదారులు. వాటిలో ఏ పాయ ఎవరిదో మేం గుర్తుపట్టగలం కూడా.

బురద దగ్గర మా తెలివి ఇంకా గొప్పది. నీళ్ళు జొరబడని బూట్లని ఆరువేలు పోసి కొంటాం. అరడుగు బురద కనబడగానే ఆ బూట్లు తడుస్తాయని పక్కనుంచి పోతాం. అడుగు వెడల్పు బాట మూడేళ్ళలో ఎడ్లబండి పట్టేంత అయింది. బురదలో కాలు పెట్టి నడిమిగానే నడవడమొక్కటే దారికి మనం చేయగల మేలు అని ఎక్కడో చదివి గ్రూపులో పంచుకున్నాం కూడా. ఇరవైమూడు బొటనవేళ్ళు వచ్చాయి. నడిమిగా నడిచినవాడు లేడు.

వంకలు మాత్రం ఎన్ని చెప్పామో. గడ్డే కదా, మళ్ళీ మొలుస్తుందన్నాం. మేం పోకుంటే ఇంకొకడు పోతాడన్నాం. హోమ్‌స్టే వాళ్ళకు నాలుగు రూపాయలొస్తాయన్నాం. ఈ చివరిది అబద్ధం కాదు, అందుకే ఎక్కువ వాడుకున్నాం. అన్నిటికన్నా హాయిగా చెప్పుకున్న మాట "మేమెంతమందిమి, పన్నెండు మందిమే కదా." దారుల మీద పరిశోధన చేసినవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నది వేరు. తొక్కని నేల మీద జరిగే నష్టంలో పెద్ద భాగం మొదటి కొద్దిమందితోనే జరిగిపోతుంది, ఆ తర్వాత వచ్చే వందలమంది దానికి చేర్చేది తక్కువే. అంటే కొత్త గడ్డి మీదికి మొదట దిగిన మా పన్నెండుమందే వెనకొచ్చినవాళ్ళందరికన్నా ఎక్కువ తిన్నారన్నమాట.

అసలు సిగ్గుపడాల్సినది ఇంకొకటుంది. ఒక ఏడాది జూలైలో మేం "క్లీన్ ట్రెక్" పెట్టాం. బ్యానరు, చేతితొడుగులు, గోనెసంచులు, అరవైమంది. కుండపోత. గౌడ్రు వద్దన్నాడు. "మళె నిల్లనీ సార్, ఎండ కాలంలో రండి, ప్లాస్టిక్ యాడికీ పోదు" అన్నాడు, కన్నడాన్నీ తెలుగునీ కలిపి. తేదీ ముందే పోస్టరు మీద వేసేశామని బతిమాలాం. చాక్లెట్ కాగితాలూ చిప్స్ కవర్లూ ఏరడానికి అరవైమందిమీ దారికి రెండువైపులా గడ్డిలో బారులు తీరి పోయాం. నానిన నేల మీద ప్రతి అడుగుకూ చీలమండ దిగబడింది. దిగేటప్పుడు జారి, కూర్చుని, మట్టిని ఒరుసుకుంటూ కేకలు వేసుకుంటూ దిగాం. ఏరింది నాలుగు సంచులు. సంచుల పక్కన నిలబడి దిగిన ఫోటో ఇప్పటికీ మా గ్రూపు బొమ్మ. ఆ ఫోటోలో మా వెనక, కొండ మీద, మేం దిగివచ్చిన మేరంతా కమిలిన చారలా కనబడుతుంది. చాలా ఏళ్ళు అది నీడనుకున్నాను.

ప్లాస్టిక్ కంటికి కనబడే పాపం. ఏరితే పుణ్యం చేతికి వస్తుంది, సంచిలో పడుతుంది, తూకం వేయొచ్చు. కొట్టుకుపోయిన మట్టిని ఎవరు తూస్తారు? 600 చదరపు కిలోమీటర్ల ఈ కుద్రేముఖ నేషనల్ పార్కులోంచే తుంగ, భద్ర, నేత్రావతి పుడతాయి. ఇక్కడి ఇనుప ఖనిజం గని నుంచి ఎర్రమట్టి భద్రలోకి చేరుతోందని ఏళ్ళ తరబడి పోరాడారు. 2002లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది, 2005 చివరికి తవ్వకం ఆగింది. టెంపోలో కూర్చుని ఆ కథను మేం ఎంత గర్వంగా చెప్పుకునేవాళ్ళమో! గనితో మా గాడిని పోల్చడం అన్యాయమే, ఒప్పుకుంటాను. అది కొండలనే తవ్వింది. కానీ కోర్టుకు పోయి ఆపించగలిగిన తవ్వకం అది. మా తవ్వకానికి ప్రతివాది ఎవరు?

2024 జనవరి చివర, గణతంత్ర దినం కలిసొచ్చిన వారాంతంలో కుమారపర్వతం దగ్గర వేలమంది క్యూ కట్టిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. కుక్కె సుబ్రహ్మణ్య వైపు నుంచి ఎక్కే బాట అది, పుష్పగిరి అభయారణ్యంలోది. వెంటనే కర్ణాటక ప్రభుత్వం ముందస్తు ఆన్‌లైన్ బుకింగ్ లేని ట్రెక్కులను తాత్కాలికంగా ఆపేసింది. మా గ్రూపులో ఆ రోజు రెండు రకాల మెసేజీలు. ఒకటి: "జనానికి బుద్ధి లేదు." ఇంకొకటి: "ఇంకెక్కడ తెరిచి ఉంది?" రెండూ పంపినది ఒకరే. మేం అప్పటికే నేత్రావతి శిఖరానికి టెంపో మాట్లాడుకున్నాం.

రోజుకింతమందే అని లెక్క పెట్టినప్పుడల్లా మేం దాన్ని దాటే ఉపాయాన్నే వెతికాం. పెరూలో ఇన్కా బాటను ఫిబ్రవరి నెలంతా మూసేస్తారు. అక్కడ కుండపోత వానల నెల అది, మరమ్మతుల నెలా అదే. మిగతా నెలల్లో మోతగాళ్ళతో కలిపి రోజుకు 500 మందికే అనుమతి. హవాయిలోని కవాయి దీవిలో 2018 ఏప్రిల్ వరదలకు కొండదారీ రోడ్డూ దెబ్బతిన్నాక, ఏడాది దాటి అక్కడి పార్కు తెరిచినప్పుడు రోజుకు 900 మంది చాలన్నారు. ఇవన్నీ మాలో కొందరికి బాగా తెలుసు. ఇన్కా బాటకు ఆరు నెలల ముందే టికెట్ తీసుకుని, నియమాలన్నీ పాటించి వచ్చినవాడు కూడా మాలో ఉన్నాడు. వాడే ఇక్కడ ముళ్ళకొమ్మ నెట్టినవాడు.

చెడిన దారిని బాగుచేయడం పెద్ద పని. నీటిని మళ్ళించడానికి దారికి అడ్డం వేసే దుంగలు ఆ తేమలో రెండుమూడు వానాకాలాలకే పుచ్చిపోతాయి. నిలిచేది రాయే. రాయిని అక్కడిదాకా మోయాలి, సగం పైగా నేలలో పాతాలి, నీరు పక్కకు తిరిగేట్టు ఏటవాలుగా పేర్చాలి. పక్క పాయలను మూసి గడ్డి పట్టనివ్వాలి. అడ్డుకట్ట వెనక పేరుకున్న మట్టిని ప్రతి ఏడూ తీయాలి, లేకుంటే మరుసటి వానకు నీళ్ళు దాన్ని దాటుకుని మళ్ళీ దారిలోకే వస్తాయి. నేషనల్ పార్కులో అనుమతి లేకుండా పార పట్టే హక్కు మాకు లేదు, సరే. అనుమతి ఇవ్వండి, వేసవిలో రాళ్ళు మోస్తాం అని ఒక్క ఉత్తరం ముక్క అయినా రాశామా? నలభైఐదు టీషర్టులకు చందా రెండు గంటల్లో వచ్చింది. గడ్డపారకు చందా అడగాలన్న ఊహే ఎవరికీ రాలేదు. రోజంతా ప్రాజెక్టు ప్లాన్లు రాసి బతికేవాళ్ళం మరి.

ఆ శ్రావణం రోజుకు వస్తాను. నాయన ఇంక పైకి రానన్నాడు. మోకాళ్ళ నొప్పులని అనుకున్నాను. ఆయన గాడి పక్కన కూర్చుని, పల్లం వైపు అంచును గొడుగు మొనతో కొంచెం తొలిచాడు, మడమతో అణిచి చిన్న గండి కొట్టాడు. తీసిన మట్టినీ, చేతికందిన నాలుగు రాళ్ళనూ గాడికి అడ్డంగా ఏటవాలుగా పేర్చాడు. పొలంలో నీళ్ళు మళ్ళించినంత సులువుగా. ఎర్రనీళ్ళు ఒక్క క్షణం తడబడి, పక్కకు తిరిగి గడ్డిలోకి పోయాయి. కింద గాడిలో చప్పుడు ఆగిపోయింది. అంత వానలోనూ ఆ చప్పుడు ఆగడం వినబడింది.

అయిదు నిమిషాలు కాలేదు, వెనకనుంచి రంగురంగుల రెయిన్‌కోట్లు వచ్చాయి. ముందున్నవాడు గండి దగ్గర నీళ్ళు చూసి, బూటు తడవకుండా ఆ చిన్న కట్ట మీద కాలేసి ఇవతలికి దూకాడు. వాడి వెనక ఇంకొకడు. మూడో మనిషికి రాళ్ళు దొర్లాయి. పదో మనిషికల్లా కట్ట నేలమట్టమై నీళ్ళు మళ్ళీ గాడిలో పడ్డాయి. "హాయ్ అంకుల్!" అన్నారందరూ నాయనను చూసి. మా రెండో టెంపో వాళ్ళు.

నాయన ఏమీ అనలేదు. గొడుగు మొన గడ్డికి తుడుచుకుని, తెరిచి, ముల్లోడి వైపు దిగడం మొదలుపెట్టాడు. నేను కాసేపు ఆయన్నే చూస్తూ నిలబడ్డాను. పైనుంచి ఎవరో పిలిచారు. నేను పైకి పోయాను.