నొప్పి ఎక్కడో చెప్పలేకపోతే?

"ఎక్కడ నొప్పి?" తెనాలి, బాపట్ల, రేపల్లె... ఏ ఊరి ఆస్పత్రికెళ్లినా మొదటి ప్రశ్న ఇదే. మరి జవాబు చెప్పలేని వాళ్ల సంగతేంటి?

మేధో వైకల్యం ఉన్న కుర్రాడు చెంప మీద కొట్టుకుంటుంటే "వాడెప్పుడూ అంతేలే" అనేస్తాం. అది పుచ్చుపన్ను కావచ్చు, చెవిపోటూ కావచ్చు. ప్రతిదీ వైకల్యం ఖాతాలో వేసేస్తే అసలు జబ్బు లోపలే ముదురుతుంది.

దీన్ని ముందుగా పట్టుకోగలిగేది నర్సు. డాక్టరు చూసేది కాసేపే. బీపీ చూసేదీ, సూది వేసేదీ, రాత్రంతా వార్డులో ఉండేదీ సిస్టరే. "రోజూ ఇలాగే ఉంటాడా, ఈ రెండ్రోజుల నుంచేనా?" అని వాళ్లమ్మని అడిగితే చాలు, చాలాసార్లు దారి దొరుకుతుంది.

బ్రిటన్‌లో ఇలాంటి వాళ్ల కోసం నర్సింగ్‌లో ప్రత్యేక శాఖే ఉంది. పేషెంటు అలవాట్లు, భయాలు రాసిన 'హాస్పిటల్ పాస్‌పోర్ట్' కూడా అక్కడ వాడతారు.

మనకీ చట్టం ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, 25వ సెక్షన్ ప్రకారం చూడటంలో, వైద్యంలో వీళ్లకి ప్రాధాన్యం దక్కేలా ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలి. తెనాలి గుంటూరు జిల్లాలో, మిగతా రెండూ బాపట్ల జిల్లాలో ఉన్నా చట్టం ఒకటే. ఓపీ లైన్లో ముందు చూడమని అడగడానికి మొహమాటమెందుకు?

మీ ఇంట్లో అలాంటి తమ్ముడో, చెల్లో ఉంటే ఈ రాత్రే ఫోన్లో రాసి పెట్టండి: నొప్పొస్తే ఏం చేస్తారు, దేనికి భయపడతారు, ఏ మందులు వాడుతున్నారు, ఏవి పడవు, ఎవరు పక్కనుంటే నెమ్మదిస్తారు. ఓ ప్రింటు తీసి కేస్ షీటుకి జత చేయమనండి. డ్యూటీ మారాక వచ్చే సిస్టర్‌కీ పనికొస్తుంది.